నలుగురు గార్డులు, ముప్పై ఒక్క నెలలు: ఒక సైటు కాపలాపై నా సమీక్ష

హైదరాబాద్ శివార్లలో, తెల్లాపూర్ దాటి కొల్లూరు వైపు వెళ్లే దారిలో మాకు ఎకరం ముప్పై గుంటల స్థలం. మూడు బ్లాకులు, ఒక సెల్లార్, పైన తొమ్మిది అంతస్తులు. పెట్టుబడిలో సగం నాది, సగం మా బావమరిదిది. సైటు నేను చూసుకుంటాను, లెక్కలు అతను చూస్తాడు. 2022 మార్చి నుంచి 2024 సెప్టెంబరు దాకా ఒకే సెక్యూరిటీ ఏజెన్సీ గార్డులతో నెట్టుకొచ్చాం. ఏజెన్సీ పేరు రాయడం లేదు, ఎందుకంటే జరిగిన తప్పుల్లో సగం నావే.

మొదటి తప్పు మొదటిరోజే జరిగింది. ఏజెన్సీ ఫీల్డ్ ఆఫీసర్ బైకు మీద వచ్చి, గేటు దగ్గరే నిలబడి, "ఎన్ని ఎకరాలు సార్?" అని అడిగాడు. చెప్పాను. "రెండెకరాల లోపే కదా! పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు సరిపోతారు" అన్నాడు. పక్క సైటులోనూ నలుగురే ఉన్నారు కాబట్టి నాకూ సబబుగానే తోచింది. సరుకు ఏ వేళకు వస్తుంది, వెనక గోడ ఎంత ఎత్తు, కూలీలు లోపలే ఉంటారా, బయటి నుంచి వస్తారా అని అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. నలుగురు అనే అంకె అలా కాగితం మీదికి ఎక్కి పద్నాలుగు నెలలు దిగలేదు.

మా బావమరిది లెక్కలో మాత్రం గార్డులు ఐదుగురు. ఐదో మనిషి మా వాచ్‌మన్. పాలమూరు వైపు మనిషి. భార్యాపిల్లలతో సైటులోనే రేకుల షెడ్డులో ఉండేవాడు. చిన్న అపార్టుమెంట్లు కట్టిన రోజుల నుంచి మాకు అలవాటైన ఏర్పాటే ఇది. బోరు మోటారు వేయడం, ట్యాంకరుకు ఫోను చేయడం, స్లాబులకు నీళ్లు పట్టడం, ఊరికే వచ్చి చూసిపోయే చుట్టాలకు టీ తేవడం, అన్నీ అతనే. పగలు ఆరో అంతస్తులో పైపు పట్టుకుని ఉండే మనిషి గేటుకు కాపలా ఎలా అవుతాడు? తెల్లవారుజామున ఐదింటికి క్యూరింగ్ మొదలుపెట్టాలంటే రాత్రి నిద్రపోవాలి కదా. అతన్ని కాపలా లెక్కలోంచి తీసేయండని సైటు పెట్టుకునే ప్రతి ఒక్కరికీ చెబుతాను. జీతం మాత్రం తగ్గించకండి.

తవ్వకం జరిగిన నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఆ దశలో సైటులో పోయేది ప్రొక్లెయినర్ ట్యాంకులో డీజిల్ ఒక్కటే. గేటు దగ్గర టిప్పర్ల ట్రిప్పులు సరిగ్గా రాసుకోవడం, చీకట్లో ఎవరూ గుంతలో పడకుండా చూడటం, ఇవే పనులు. 2022 జూలైలో వారం పాటు వానలు కురిసి సెల్లార్ గుంత చెరువైనప్పుడు, రాత్రి గార్డు పంపు ఆగిపోయిన ప్రతిసారీ నన్ను లేపాడు. ఆ వారం అతని డ్యూటీకి వంద మార్కులు వేసినా తక్కువే. అంతా సవ్యంగా ఉండటంతో నలుగురు అనే అంకె మీద మాకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకమే తర్వాత ముంచింది.

పిల్లర్లు లేవడం మొదలయ్యాక సైటు స్వభావమే మారిపోయింది. భారీ వాహనాలకు నగరంలో పగటిపూట ఆంక్షలుంటాయి కాబట్టి స్టీలు లారీలు, రోబో శాండ్ (రాయిని పొడి చేసిన ఇసుక) లారీలు చాలావరకు రాత్రి పది దాటాకే కదిలేవి. ఒంటిగంటకో రెండింటికో మా గేటు ముందు హారన్ మోగేది. గేటు తీసే మనిషి గేటు వదలకూడదు. రెండోవాడు రౌండ్స్‌లో ఉండాలి. మరి స్టీలు దించేటప్పుడు దగ్గర నిలబడి లెక్కపెట్టేది ఎవరు? ఎవరూ లేరు. ధర్మకాటా (లారీలను తూచే కాటా) చీటీ తీసుకుని సంతకం పెట్టి పంపేవారు. ఆ చీటీలో లోడు బరువు మాత్రమే ఆ రాత్రిది. ఖాళీ లారీ బరువు మాత్రం పాత ట్రిప్పుదే రాసేవారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక రాత్రి నిద్ర పట్టక నేనే వెళ్లి కడ్డీలు లెక్కపెట్టించాను. 12 ఎం.ఎం. కడ్డీ మీటరుకు ఎంత తూగుతుందో తెలుసుకోవాలంటే మందాన్ని మందంతో గుణించి 162తో భాగించాలి. అంటే మీటరుకు 0.888 కిలోలు, 12 మీటర్ల కడ్డీకి దాదాపు 10.66 కిలోలు. చీటీలోని బరువుకు రావలసిన కడ్డీల కంటే నలభై ఒకటి తక్కువున్నాయి. అంటే 437 కిలోలు. అప్పటి ధరకు అది ఒక గార్డు నెల బిల్లు కంటే ఎక్కువ. ఒక్క లారీలో. అంతకుముందు ఎన్ని లారీలు అలా వచ్చాయో లెక్క వేసుకోవద్దని మా ఆవిడ సలహా ఇచ్చింది, పాటించాను. మర్నాటి నుంచి లారీ ఖాళీ అయ్యాక మళ్లీ కాటాకు వెళ్లి, ఆ చీటీ తెస్తేనే బిల్లు పాసయ్యేది.

ఆ వారమే మొదటిసారి మనుషుల్ని పక్కనపెట్టి గంటలు లెక్క వేశాను. ఏజెన్సీల భాషలో కాపలా ఉండవలసిన ఒక్కో చోటును పాయింటు అంటారు. గేటు పాయింటు ఇరవైనాలుగు గంటలు తెరిచి ఉండాలంటే వారానికి 168 గంటలు. రాత్రి పన్నెండు గంటలు తిరిగే మనిషికి 84. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా సరుకు దింపే చోట ఉండే మనిషికి 56. మొత్తం 308. మాకున్నది నలుగురు. ఒక్కొక్కరు పన్నెండు గంటలు, వారానికి ఆరు రోజులు చేస్తే 288. అంటే వారానికి ఇరవై గంటలు సైటులో ఎక్కడో ఒకచోట ఎవరూ లేరు. ఆ ఇరవై గంటలు ఎప్పుడు వస్తాయో మాకు తెలియదు. స్టీలు లారీ వాళ్లకు తెలిసినట్టుంది.

ఇదంతా పన్నెండు గంటల డ్యూటీ ప్రకారం వేసిన లెక్క. ఎనిమిది గంటల డ్యూటీ, వారానికి 48 గంటలు అనుకుంటే ఒక్క గేటుకే ముగ్గురున్నర మంది కావాలి. పన్నెండు గంటలకైనా రెండుంపావు దాటుతుంది. అయినా గేటుకు ఇద్దరు చాలని కొటేషన్ ఇస్తారు. అది చూస్తే, వాళ్లకు వారంలో సెలవు లేదని, ఎవరికైనా జ్వరం వస్తే రెండోవాడు డబుల్ డ్యూటీ చేస్తాడని అర్థం చేసుకోవాలి. రిలీవర్, అంటే సెలవు రోజున బదులు వచ్చే మనిషి ఎవరు, అతని డబ్బు ఎవరు ఇస్తారు అని నేను రాతపూర్వకంగా అడిగింది పదిహేనో నెలలో. అడిగాక ఐదుగురయ్యారు.

అన్నిటికీ మనుషుల్ని పెంచడమే మందు కాదు. స్లాబు పోసేటప్పుడు కింద పరిచే సెంట్రింగ్ ప్లేట్లు అద్దెకు తెచ్చుకున్నాం. తిరిగి ఇచ్చేటప్పుడల్లా పదో పదిహేనో తక్కువ వచ్చేవి. వెనక గోడ అవతల ఖాళీ ప్లాటు. ఇవతల గోడకు ఆనించి ప్లేట్ల కుప్ప. ఇంకెవరైనా నిచ్చెన వేయాల్సిన పని ఏముంది? ఏజెన్సీ అక్కడ ఇంకో రాత్రి గార్డు కావాలంది. మేం కుప్పను గోడకు ఇరవై అడుగుల దూరానికి జరిపి, రెండు ఫోకస్ లైట్లు పెట్టించాం. ప్లేట్లు ఆగాయి. మా బావమరిది మొహంలో అంత వెలుగు మళ్లీ చూడలేదు.

అసలు దెబ్బ 2023 నవంబరులో తగిలింది. అప్పటికి లోపలి పనులు మొదలయ్యాయి. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, టైల్స్ వాళ్లు, పెయింటర్లు, రోజుకు నూట యాభై మంది, ఒక్కొక్కరి చేతిలో ఒక సంచి. పోయే సరుకు కూడా మారింది. స్టీలు ఎత్తుకెళ్లాలంటే లారీ కావాలి, రాగి తీగకు సంచి చాలు. ఆ నెల 12న దీపావళి, 19న ఛఠ్ పూజ. మా గార్డుల్లో ముగ్గురు బిహార్ వాళ్లు, అందులో ఇద్దరు ఊరెళ్లారు. ఏజెన్సీ బదులుగా ఒక్కరిని పంపింది. అతనికి మా సైటులో మెట్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు. మిగిలినవాళ్లు డబుల్ డ్యూటీలు చేశారు.

ఆ రెండు పండుగల మధ్య ఒక తెల్లవారుజామున రెండో బ్లాకు మూడో అంతస్తులో, గోడల్లోని పైపుల నుంచి తీగ లాగేసి ఉంది. నాలుగు ఫ్లాట్లు. 90 మీటర్ల కాయిళ్లు పద్నాలుగు పోయాయి. ఆ రాత్రి గేటు దగ్గరున్న కుర్రవాడు వరసగా మూడో డ్యూటీలో ఉన్నాడు, అంటే ముప్పై గంటలు దాటింది. నేను గొంతు పెంచాను. అతను హిందీలో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: "గేటు వదలొద్దని మీరే చెప్పారు సార్. పైకి ఎప్పుడు వెళ్లాలో చెప్పలేదు." అతను నిద్రపోలేదు. రిజిస్టరులో రాత్రంతా గంట గంటకూ అతని రాత ఉంది. పోలీసు ఫిర్యాదు ఇచ్చాం, తీగ దొరకలేదు.

"పోయిన దసరాకు ఏమీ పోలేదు కదా బావా, ఇంకో మనిషి ఎందుకు?" అని బావమరిది అడిగాడు. పోయిన దసరాకు సైటులో రాగి లేదని చెప్పాను. ఈసారి లెక్క ఇలా వచ్చింది: గేటుకు 168, రాత్రి అంతస్తుల్లో తిరిగే ఇద్దరికి 168, సాయంత్రం పనివాళ్లు దిగే వేళ సంచులు చూసి పంపడానికి, పగలు అంతస్తులు తిరగడానికి ఒక మనిషికి వారానికి 60. మొత్తం 396 గంటలు, అంటే ఐదున్నర మంది. ఆరుగురిని పెట్టాం. దాంతోపాటు ప్రతి అంతస్తులో ఒక ఫ్లాటుకు ముందే తలుపు బిగించి, తీగ, కుళాయిలు అందులో పెట్టి తాళం వేశాం. తాళంచెవి ఎవరు తీసుకున్నారో రాయడానికి ఒక పుస్తకం. ఆ తాళం ఒక గార్డు చేయవలసిన పని చేసింది, ఛఠ్ పూజకు సెలవు కూడా అడగలేదు. ఆ తర్వాత చిన్నాచితకా తప్ప ఏమీ పోలేదు. హోలీకి మాత్రం నెల ముందే ఎవరెవరు ఊరెళ్తున్నారో రాయించుకున్నాను.

పరికరాల గురించి రెండు మాటలు. రౌండ్స్ తిరిగినట్టు రుజువుకు గార్డు చేతిలో ఒక పరికరం, దాన్ని ఆనించడానికి సైటులో తొమ్మిది చోట్ల ట్యాగులు ఇచ్చింది ఏజెన్సీ. నివేదికలు చూడముచ్చటగా వచ్చేవి, నిమిషం తేడా ఉండేది కాదు. అనుమానం వచ్చి వెళ్తే, తొమ్మిది ట్యాగులూ ఊడదీసి గార్డు రూములో ఒకే మేకుకు తగిలించి ఉన్నాయి! కుర్చీలోంచి లేవకుండా తొమ్మిది చోట్లు తిరిగేవారన్నమాట. తర్వాత వాటిని గోడలో పూడ్చి సిమెంటు మెత్తించాం. కెమెరాలు నాలుగు పెట్టాం. గేటు దగ్గరిది బండి నంబర్లకు బాగా పనికొచ్చింది. మిగిలినవి జరిగిపోయినదాన్ని చూపించేవి, అది కూడా కరెంటు ఉన్నప్పుడు.

డబ్బు సంగతి. పన్నెండు గంటల డ్యూటీకి ఒక్కో గార్డుకు మాకు పడిన బిల్లు నెలకు 19,500, దాని మీద 18 శాతం జీఎస్టీ. 2019 ఏప్రిల్ నుంచి అమలైన పద్ధతిలో ఫ్లాట్లు కట్టేవాళ్లకు ఆ పన్ను తిరిగి రాదు కాబట్టి కొటేషన్లు పోల్చేటప్పుడు దాన్ని కలుపుకొనే చూడాలి. గార్డు చేతికి ఎంత వస్తోందని ఒకసారి విడిగా అడిగితే పదమూడు వేలన్నాడు. పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు చూపించమన్నాక రెండు నెలలు ఏజెన్సీ ఫోను ఎత్తడం తగ్గించింది. చివరికి చూపించింది, అందులో మా గార్డుల పేర్లు ఇద్దరివే ఉన్నాయి. మిగతావి కలిపించేదాకా ఒక నెల బిల్లు ఆపాను. ఈ పని మొదటి నెలలోనే చేయాల్సింది.

శిక్షణ గురించి కూడా. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ప్రకారం ఏజెన్సీకి లైసెన్సు, గార్డుకు శిక్షణ ఉండాలి. కేంద్రం నమూనా నియమాల్లో 100 గంటల తరగతులు, 60 గంటల క్షేత్ర శిక్షణ అని ఉంది. మా గార్డుల్లో ఒకడిని ఎన్నాళ్లు నేర్పారని అడిగితే, "ఒక పూట సార్, సెల్యూట్ నేర్పారు" అన్నాడు. సెల్యూట్ మాత్రం బ్రహ్మాండంగా చేసేవాడు.

ఐదుకు మార్కులు వేయమంటే మనుషులకు నాలుగు, ఏజెన్సీకి రెండు, మొదటి పద్నాలుగు నెలల నా ప్రణాళికకు ఒకటి. ఫ్లాట్లు అప్పగించే దశలో గార్డుల్ని మళ్లీ తగ్గించాం. ఆదివారాలు కొనుక్కున్నవాళ్లు కుటుంబాలతో వస్తారు, అప్పుడు కావలసింది మర్యాదగా మాట్లాడి, లిఫ్టు గుంత దగ్గరికి పిల్లల్ని పోనివ్వని మనిషి. మా పెద్ద వయసు గార్డు ఒకాయన ఆ పని గొప్పగా చేశాడు. నివాసుల సంఘం ఏర్పడ్డాక ఆయన్నే ఉంచుకున్నారు.

ఇప్పుడు శంకర్‌పల్లి దారిలో ఇంకో సైటు మొదలవుతోంది. ఫీల్డ్ ఆఫీసర్ కొత్తవాడు, ఏజెన్సీ కొత్తది. వచ్చీ రాగానే "ఎన్ని ఎకరాలు సార్?" అన్నాడు. గేటుకు 168, రాత్రి రౌండ్స్‌కు 84, మొత్తం 252 అని రాసిన కాగితం చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. బావమరిది తొంగి చూసి, వేళ్ల మీద భాగించుకుని, "నలుగురు. మళ్లీ నలుగురేనా బావా?" అన్నాడు.

"గుంత తవ్వడం అయ్యేదాకా" అన్నాను.