పాత పేపర్లు, గుప్పెడు మెంతులు: ఐదేళ్ళు చేసి చూశాక

మా ఇంట్లో టీవీ పక్కన ఒక బుట్ట ఉంటుంది. రిమోట్లు, తాళాలు, కరెంటు బిల్లులు, అయిపోయాయో లేదో తెలియని బ్యాటరీలు అన్నీ అందులోకే చేరతాయి. బూడిద రంగు, ఒక పక్కకి కాస్త ఒరిగిన ఆకారం, అంచు మీద పెచ్చులూడిన జాజు (ఎర్రమట్టి) పూత. కొత్తగా వచ్చినవాళ్ళు మట్టిదనుకుని రెండు చేతులతో ఎత్తబోతారు. అది దూదిలా లేచేసరికి ఉలిక్కిపడతారు. 2020 మే నెలలో పాత పేపర్లూ మెంతులూ రుబ్బి చేసిన బుట్ట అది. ఐదేళ్ళు దాటినా ఇంకా వాడుతున్నాం. పిల్లలతో ఇంట్లో ఏదైనా చేయించాలి, డబ్బు మాత్రం ఎక్కువ పెట్టకూడదు అనుకునేవాళ్ళ కోసం, మేం చేసినవాటిలో ఏది నిలిచిందో ఏది చెత్తబుట్టలోకి పోయిందో రాస్తున్నాను.

మాది విజయవాడ. జనతా కర్ఫ్యూ నాటికి పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నోడికి మూడు. మొదటి వారంలోనే ఇంట్లో ఉన్న బొమ్మలన్నీ పాతబడిపోయాయి. అంతకుముందు పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన క్రాఫ్ట్ కిట్టు ఒకటి అటక మీద ఉంటే దింపాను. డబ్బా మీద 899 రూపాయలని ఉంది. లోపల రంగు కాగితాలు, మెరుపుల పొడి, కదిలే కళ్ళు, వేలెడంత జిగురు సీసా. ముప్పావుగంటలో అయిపోయింది. ఆ ముప్పావుగంటా నేను అన్న మాటలు రెండే: "అంత జిగురు పోయకు", "అది పాడుచేయకు". మెరుపుల పొడి మాత్రం దీపావళి దాకా దుప్పట్లలో దొరుకుతూనే ఉంది.

ఆ తర్వాత మైదా జిగురు మొదలుపెట్టాను. అరకప్పు మైదాని చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, రెండున్నర కప్పుల నీళ్ళు పోసి, సన్నసెగ మీద కలుపుతూ ఉంటే ఐదారు నిమిషాల్లో పాలలాంటి రంగు పోయి గాజులా మారుతుంది. అప్పుడు దించేయాలి. కాగితానికి కాగితం అతకడానికి దీన్ని మించింది లేదు, బజారులో కొన్న తెల్ల జిగురు కూడా దీని తర్వాతే. ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు ఉంటుంది, బయట పెడితే రెండో రోజుకే పులిసిన వాసన. పూర్వం పుస్తకాలకి బైండింగు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో ఆ పని అస్సలు చేయొద్దు.

బెలూన్ మీద పేపరు ముక్కలు పొరలు పొరలుగా ఈ జిగురుతో అంటించి ఒక గిన్నె, ఒక ఏనుగు తల చేశాం. ఏనుగు బాగా వచ్చింది. రెండు వారాలు హాల్లో పెట్టుకుని మురిసిపోయాం. ఒకరోజు పొద్దున చూస్తే తొండం లేదు. చెవి సగం ఉంది. చుట్టూ పొట్టు పొట్టుగా కాగితం.

అత్తయ్య గారు చీపురు పట్టుకుని వచ్చి, "అమ్మాయ్, పిండి వండి పెడితే ఎలకలు తినక ఏం చేస్తాయి? చాటలకి మెంతి పూయడం చూడలేదా నువ్వు?" అన్నారు.

చూశాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ళింట్లో వెదురు చాట సందుల్లోంచి నూకలు జారిపోకుండా మెంతులూ కాగితమూ రుబ్బి పూసేవారు. ఆ చేదుకి పురుగు చేరదు, ఆ జిగటకి కాగితం చాటని వదలదు. ఏదో ఒక గిన్నె బోర్లించి దాని మీద అదే ముద్దని పూస్తే బుట్ట అవుతుందని అత్తయ్య చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఇప్పటికి పాతిక దాకా చేసి ఉంటాం. కాబట్టి కొలతలు ధైర్యంగా చెప్పగలను. అరకిలో పాత పేపరుకి 100 గ్రాముల మెంతులు. పేపరుని రూపాయి బిళ్ళంత ముక్కలుగా చింపి బకెట్లో రెండు రోజులు నానబెట్టాలి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. చింపే పని పూర్తిగా పిల్లలదే. చిన్నోడికి ఆ వయసులో దీనికి మించిన ఆట దొరకలేదు. మెంతులు ముందు రోజు రాత్రి విడిగా నానేస్తే పొద్దునకి ఉబ్బి జారుతూ ఉంటాయి. రెండూ కలిపి రుబ్బాలి. చపాతీ పిండి కంటే కాస్త జారుగా, చేత్తో పిండితే వేళ్ళ సందుల్లోంచి వచ్చేలా ఉంటే సరిపోతుంది.

మ్యాగజైన్ల నున్నటి కాగితం మాత్రం వాడొద్దు, వారం నానబెట్టినా అలాగే ఉంటుంది. నోటుపుస్తకాల కాగితం నానడానికి ఇంకో రోజు ఎక్కువ పడుతుంది గానీ ముద్ద తెల్లగా వస్తుంది. అన్నిటికంటే సులువు గుడ్ల అట్టలు. అవి ముందే కాగితపు గుజ్జుతో చేసినవి కదా, వేడినీళ్ళలో వేస్తే గంటలో విడిపోతాయి. ఈ సంగతి నాకు మూడో ఏడాదికి గానీ తెలియలేదు.

ఇక మిక్సీ సంగతి. మొదటిసారి అత్తయ్య గారి పచ్చడి జారులో నిండుగా వేసి తిప్పాను. గుజ్జు పీచులు పీచులుగా బ్లేడుకి చుట్టుకుంది, మూలుగుతూ ఆగిపోయింది, కాలిన వాసన. మోటారు పోయిందనే అనుకున్నాను. మిక్సీ తిరగేస్తే అడుగున చిన్న ఎర్ర బటను పైకి లేచి ఉంది. పావుగంట చల్లారనిచ్చి నొక్కితే మళ్ళీ తిరిగింది. బతికిపోయాను. కానీ ఆ వారమంతా కొబ్బరి పచ్చడిలో మెంతి వాసన. ఎవరూ ఏమీ అనలేదు, తినడం మాత్రం తగ్గించారు. తర్వాత పాత సామాన్ల కొట్లో ఒక జారు తెచ్చి దీనికే కేటాయించాను. జారులో మూడో వంతే వేసి, నీళ్ళు ఎక్కువ పోసి, ఆపి ఆపి తిప్పాలి. ఎక్కువైన నీళ్ళు పాత చున్నీలో వేసి పిండేయొచ్చు. రోలు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు.

అచ్చు దగ్గర అందరూ చేసే తప్పు మేమూ చేశాం. స్టీలు గిన్నె బోర్లించి పైన పూశాం. గుజ్జు ఎండేకొద్దీ బిగుసుకుంటుంది, గిన్నెని పట్టేసుకుంటుంది. చివరికి ఆ బుట్టని కోసి గిన్నె బయటకి తీయాల్సి వచ్చింది. నొక్కితే వంగే ప్లాస్టిక్ టబ్బయితే బాధ లేదు. స్టీలుదే వాడాలంటే మీద తడిగుడ్డ పరిచి, దాని మీద పూయాలి. గుడ్డ కొసలు బయటికి వేలాడుతూ ఉంటే, ముప్పావు వంతు ఎండాక వాటిని పట్టి లాగితే వచ్చేస్తుంది. మందం అర వేలు చాలు. అంతకంటే దట్టంగా వేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

మొదటి రోజు నీడన పెట్టండి. మా మేడ మీద మే నెల ఎండకి నేరుగా పెట్టిన బుట్టలన్నీ చీలాయి. ఒక రోజు నీడ, రెండు మూడు రోజులు ఎండ. వేలితో కొడితే టకటకమని మోగాలి. దబ్‌మని మోగితే ఇంకా తడి ఉన్నట్టే. ఆషాఢంలో పంతం పట్టి చేసిన ఒక బుట్ట నాలుగో రోజుకి తెల్లటి బూజు కప్పుకుంది. మెంతి పురుగుని ఆపుతుంది గానీ బూజుని ఆపలేదు. అందుకని మేం మాఘం నుంచి జ్యేష్ఠం లోపే ఈ పని పెట్టుకుంటాం.

వాడకంలో లోపాలు కూడా చెప్పాలి. నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది, తుడవాలంటే పొడిగుడ్డే. మొదటి నెల మెంతి వాసన ఉంటుంది, కొందరికి పడదు. పేపరు మీది సిరా పోదు కాబట్టి తినేవి అందులో వేయొద్దు. వార్తాపత్రికల్లో తినుబండారాలు పొట్లం కట్టొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఎప్పటినుంచో చెబుతున్న మాటే. ఉల్లిపాయలు పోద్దామని అత్తయ్య అన్నా నేను ఒప్పుకోలేదు. చిన్నోడు ఒకసారి బుట్ట మీద కూర్చున్నాడు. వంగింది గానీ విరగలేదు. మొదట్లో చెప్పిన ఆ ఒరుగు అదే.

ఒక బుట్టని పెద్దది బడికి ప్రాజెక్టుగా పట్టుకెళ్ళింది. "నీట్‌గా లేదు, చార్టు మీద థర్మోకోల్‌తో చేసి తీసుకురా" అని తిప్పి పంపారు. ఆ రాత్రి 180 రూపాయలు పెట్టి థర్మోకోల్, స్ప్రే రంగు కొన్నాం. నేనే చేశాను. ఏ ప్లస్ వచ్చింది, నాకు.

ఇదే ముద్దని ఇంకోసారి మెత్తగా రుబ్బితే సంక్రాంతి బొమ్మల కొలువుకి బొమ్మలవుతాయి. కానీ ఆరాక పైన గరుకుగా ఉంటుంది, రంగు సరిగ్గా పట్టదు. దీనికి మందు మా పక్కనే ఉందని తెలియడానికి ఒకసారి కొండపల్లి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ తెల్లపొణికి కర్రతో విడివిడిగా చెక్కిన చేతులు, తలలు అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద వాడతారు. మక్కు అంటారు. తెలంగాణలోని చేర్యాలలో చేసే మాస్కుల్లోనూ చింతగింజల జిగురూ రంపపు పొట్టే. బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద ఆవు మెడకి మక్కు పెట్టి వేలితో ఒక్క దెబ్బలో నున్నగా లాగేస్తుంటే పిల్లలిద్దరూ నోరు తెరుచుకుని చూశారు.

ఏడాదికి సరిపడా కొత్త చింతపండు కొని ఒలిచేటప్పుడు గింజలు ఎలాగూ పారేసేవే. వాటిని వేయించి, దంచి పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీళ్ళు పోసి ఉడికిస్తే గోధుమ రంగు జిగురు తయారవుతుంది. పొట్టు తీయడం చచ్చేంత పని, ముందే చెబుతున్నాను. వడ్రంగి కొట్టు నుంచి తెచ్చిన రంపపు పొట్టు జల్లించి కలిపి, బొమ్మల మీద పూత పెడితే ఆ గరుకు పోయింది. మేం చేసిన ఆవుని చూసినవాళ్ళు ఇప్పటికీ కుక్క అనే అంటారు. అది మక్కు తప్పు కాదు.

పిల్లలకి అన్నిటికంటే నచ్చింది నల్ల రంగు. శ్రీకాళహస్తి, పెడన కలంకారీలో నలుపు ఇనుము, బెల్లంతోనే వస్తుందని తెలిసి మొదలుపెట్టాం. గాజు సీసాలో గుప్పెడు తుప్పు మేకులు, 100 గ్రాముల బెల్లం, అరలీటరు నీళ్ళు. మూత బిగించకూడదు, పులిసి గాలి పుడుతుంది. గుడ్డ కట్టి బాల్కనీలో ఇరవై రోజులు వదిలేశాం. రోజూ బడి నుంచి రాగానే చిన్నోడు వాసన చూసి "ఛీ" అని, మళ్ళీ చూసేవాడు. ఈలోగా పాత తెల్ల దిండు గలీబుని ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరేశాం. పాలు లేకపోతే రంగు గుడ్డలో పాకిపోతుంది.

వెదురు పుల్ల కొస చెక్కి, కొంచెం పైన ఉన్ని చుట్టి దారం కట్టాం. దాన్ని సీసాలో ముంచి తీస్తే చుక్క పలచటి టీ నీళ్ళలా ఉంది. పెద్దది మొహం చిన్నబుచ్చుకుంది. "ఇరవై రోజులు దీనికోసమా అమ్మా?" అంది. గలీబు మీద గీత గీసింది. గీసినచోట గీసినట్టే, మా కళ్ళ ముందే, ఆ నీళ్ళు నల్లబడిపోయాయి. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సీసా కోసం కొట్టుకున్నారు. కరక్కాయలోని వగరుకీ ఇనుముకీ కుదిరే నలుపు అది, ఎన్ని ఉతుకులకీ పోలేదు. బాల్కనీ టైలు మీద పడ్డ చుక్క కూడా పోలేదు. కింద ప్లాస్టిక్ పట్టా పరుచుకోండి.

మిగతా వంటింటి రంగుల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. బీట్‌రూట్ వారానికి మాసిన గోధుమ రంగవుతుంది. పాలకూరా అంతే. పసుపు ఎండకి వెలిసిపోతుంది, అయినా పసుపు నీళ్ళతో తడిపి ఆరబెట్టిన కాగితం మీద సున్నపు నీళ్ళతో బొమ్మ గీస్తే పారాణి ఎరుపులో తేలుతుంది. ఒక వానాకాలం సాయంత్రానికి అది చాలు. మైదా, ఉప్పు కలిపిన ముద్దతో చేసే బొమ్మలు మా కృష్ణా గట్టున నిలవవు. తేమకి ఉప్పు చెమ్మగిల్లి బొమ్మల ముక్కులు జారాయి.

ఖర్చు లెక్క ఒకసారి వేశాను. పాత పేపర్లు కొనేవాడు అప్పట్లో కిలోకి పన్నెండు రూపాయలు ఇచ్చేవాడు, అంటే అరకిలోకి ఆరు వదులుకున్నట్టు, మెంతులు పదిహేను, జాజు ఐదు. బుట్టకి ముప్పై లోపే. డబ్బు మిగలడం కంటే నాకు నచ్చింది ఇంకోటి. కిట్టు ముందు కూర్చున్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన "పాడుచేయకు" ఈ గుజ్జు దగ్గర రాలేదు. పాడైతే మళ్ళీ బకెట్లో వేసి నానబెట్టడమే. స్టీలు గిన్నెకి పట్టేసిన బుట్టనీ, చీలినవాటినీ అలాగే నానబెట్టి మళ్ళీ చేశాం.

మొన్న కిందింటి వాళ్ళు గుడ్ల అట్టలు పారేయకుండా మాకే పంపడం మొదలుపెట్టారు. ఇరవై దాకా పేరుకున్నాయి. బాల్కనీలో సీసా కూడా పెట్టాం, ఈసారి మేకులతో పాటు విరిగిన గుర్రపు నాడా ముక్క కూడా వేసింది పెద్దది, నలుపు ఇంకా చిక్కగా వస్తుందట. పదకొండు రోజులైంది. గుడ్డ తీస్తే వాసన బాగానే కొడుతోంది.