చిన్న ఫ్లాష్‌కు రింగ్ అడాప్టర్: వాడకంలో తేలిన మంచిచెడ్డలు

కెమెరా హాట్ షూ (పైభాగాన ఫ్లాష్ బిగించే గాడి) మీద అమర్చుకునే మామూలు ఫ్లాష్‌కు తొడిగితే, దాని వెలుతురును లోపలి దారుల గుండా మళ్లించి లెన్స్ చుట్టూ వలయంగా వెదజల్లే ఉపకరణమే రింగ్ ఫ్లాష్ అడాప్టర్. ఇందులో ట్యూబు, బ్యాటరీ, సర్క్యూటు వంటివి ఏవీ ఉండవు. లోపల అద్దంలా మెరిసే పూత, కాంతిని ముందుకు తిప్పే ప్లాస్టిక్ పలకలు, ముందువైపు కాంతిని మెత్తబరిచే తెల్లని డిఫ్యూజర్, అంతే. అసలైన రింగ్ ఫ్లాష్‌ను లెస్టర్ డైన్ 1952లో దంతవైద్యుల అవసరం కోసం రూపొందించాడు. నోటి లోపలి పళ్లను ఫొటో తీయాలంటే వెలుతురు లెన్స్ చుట్టూ నుంచి రావాలి. ఒక పక్క నుంచే వస్తే పెదవి నీడో చెంప నీడో పళ్లను కప్పేస్తుంది. తర్వాతి కాలంలో ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్లు దీన్ని అందిపుచ్చుకున్నారు గాని, స్టూడియో రింగ్ ఫ్లాష్ అంటే బరువైన తల, దానికో విడి పవర్ ప్యాకు, ఆ రెంటినీ కలిపే లావుపాటి కేబులు. ఆ వెలుతురునే సంచిలో పట్టే ఫ్లాష్‌తో రాబట్టాలన్న ఆశతో కొనే వస్తువు ఈ అడాప్టర్.

వీటిలో ముఖ్యంగా మూడు నిర్మాణాలు కనిపిస్తాయి. రే ఫ్లాష్ తరహావి గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి. హాట్ షూ మీద ముందుకు చూస్తున్న ఫ్లాష్ తలకు వీటిని తొడిగితే వలయం కిందికి వేలాడి లెన్స్ చుట్టూ కూర్చుంటుంది. ఆర్బిస్ తరహాలో ఫ్లాష్‌ను కింది నుంచి దూర్చి, ఆ మొత్తాన్ని ఒక చేత్తో గాని బ్రాకెట్‌తో గాని లెన్స్ ముందు పట్టుకోవాలి. ఫ్లాష్‌కూ కెమెరాకూ మధ్య కేబులో వైర్‌లెస్ ట్రిగ్గరో తప్పనిసరి. రౌండ్‌ఫ్లాష్ తరహావి బట్టతో చేసినవి, మడతపెడితే చిన్న పళ్లెమంత అవుతాయి, విప్పితే వలయం బాగా పెద్దది. నేను ఎక్కువగా వాడినది గట్టి ప్లాస్టిక్ రకం. తయారీదారు పేరు ఇక్కడ చెప్పడం లేదు. పోల్చి చూడడానికి ఒక బట్ట అడాప్టర్‌ను కూడా దగ్గర ఉంచుకున్నాను.

మొదట చూడవలసింది అమరిక, ఎందుకంటే ఈ వస్తువుతో వచ్చే చికాకుల్లో సగం అక్కడే పుడతాయి. గట్టి ప్లాస్టిక్ రకంలో ఫ్లాష్ తలకూ లెన్స్ మధ్యబిందువుకూ ఉండే దూరం ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి, ఒక కెమెరాకు సరిగ్గా కూర్చున్నది మరో కెమెరాకు పైకో కిందికో జరుగుతుంది. నేను కొన్నదాని పెట్టె మీద నా ఫ్లాష్ మోడల్ పేరు స్పష్టంగానే ఉంది. అయినా తొడిగితే రెండు పక్కలా సందు మిగిలింది, లోపలి రబ్బరు అంచు కొద్ది కాలానికే జిగురు వదిలి ఊడిపోయింది. దాని స్థానంలో నేనే పల్చటి ఫోమ్ పట్టీ అంటించుకోవలసి వచ్చింది. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది, ముందుకు వేలాడే ఈ బరువంతా ఫ్లాష్ మెడలోని కీలు మీద పడడం. కీలు కొంచెం వదులైన ఫ్లాష్ అయితే తల నెమ్మదిగా వంగి, వలయం వచ్చి లెన్స్ మీద ఆనుకుంటుంది. అప్పుడు ఫోకస్ రింగు తిప్పడానికి వేళ్లకు చోటే ఉండదు. బట్ట రకం తేలిక కనుక కీలుకు ఈ శ్రమ లేదు గాని, గాలి వీచే చోట అది తెరచాపలా ఊగుతుంది.

లెన్స్ ఎంపికలోనూ హద్దులున్నాయి. వలయం మధ్య రంధ్రం కంటే లావైన లెన్స్ అందులో దూరదు. మరీ వైడ్ లెన్స్ అయితే ఫ్రేము మూలల్లో వలయం అంచు కనిపిస్తుంది. పొడవాటి లెన్స్ అయితే దాని మూతి వలయాన్ని దాటి ముందుకు పొడుచుకొచ్చి, వెలుతురులో కొంత భాగానికి తానే అడ్డుపడుతుంది. 50 మి.మీ. నుంచి 85 మి.మీ. వరకు ఉండే పొట్టి లెన్స్‌లతో ఏ గొడవా లేదు.

ఇక వెలుతురు విషయం. వలయం అంతటా కాంతి సమానంగా వస్తోందో లేదో తెలుసుకోవడానికి ఉత్తమమైన పద్ధతి, అడాప్టర్ తగిలించిన కెమెరాతో అద్దానికి ఎదురుగా నిలబడి, ఫ్లాష్‌ను అతి తక్కువ శక్తిలోనూ అపర్చర్‌ను (లెన్స్ లోపలి కాంతి రంధ్రాన్ని) బాగా మూసీ ఒక ఫొటో తీయడం. నా దానిలో ఫ్లాష్ తలకు దగ్గరగా ఉన్న పై చాపం తెల్లగా వెలిగింది, పక్కలు ఒక మోస్తరుగా ఉన్నాయి, అడుగు చాపం మాత్రం బూడిద రంగుకు తిరిగింది. మనిషి కళ్లలో పడే మెరుపును దగ్గరగా చూసినప్పుడు కూడా పూర్తి వలయానికి బదులు కింది వైపు చెరిగిన గుండ్రమే కనిపిస్తుంది, గడ్డం కింద పల్చటి నీడ మిగులుతుంది. ఫ్లాష్ జూమ్‌ను (కాంతి ఎంత వెడల్పుగా పరుచుకోవాలో మార్చే అమరికను) ఆటోలో వదిలేస్తే లెన్స్ మార్చినప్పుడల్లా ఈ హెచ్చుతగ్గులు కూడా మారుతుంటాయి కాబట్టి, అద్దం ముందు వేర్వేరు జూమ్ స్థానాలు ప్రయత్నించి, అన్నిటికంటే సమంగా కనిపించిన చోట దాన్ని స్థిరంగా ఉంచడం మంచిది. బట్ట రకంలో ఈ తేడా తక్కువగా ఉంది. వలయం పెద్దది కావడంతో చర్మం మీద మెరుపులు కూడా మెత్తగా పడ్డాయి.

దీన్ని ఏకైక దీపంగా వాడినప్పుడు వచ్చే రూపం అందరికీ పరిచయమైనదే. ముఖం మీద నీడలు దాదాపు మాయమవుతాయి, వెలుతురు ఏటవాలుగా తగిలే చెంపల అంచులు కొద్దిగా నల్లబడి ముఖానికి గీత గీసినట్లవుతుంది, వెనుక గోడ దగ్గరగా ఉంటే మనిషి చుట్టూ సన్నని నీడ అంచు పడుతుంది. ఫ్యాషన్ పత్రికల ముఖచిత్రాల్లో ఈ లక్షణాలకు ఆకర్షణ ఉంది. ఇంట్లో పెద్దవారి ఫొటోకో ఉద్యోగానికి పంపే ఫొటోకో ఇదే వెలుతురు వాడితే, నుదుటి మీద చెమట మెరుపు, కళ్లజోడులో తెల్లటి వలయాలు, మసక గదిలో అయితే ఎర్రటి కనుపాపలు కానుకగా వస్తాయి. కాంతి లెన్స్‌కు ఎంత దగ్గరగా ఉంటే కంటి లోపలి ఎరుపు అంత సులభంగా తిరిగి లెన్స్‌కు చేరుతుంది. మనిషి నుంచి దూరం జరిగేకొద్దీ ఆ కోణం ఇంకా తగ్గి సమస్య పెరుగుతుంది. గదిలో మరికొన్ని దీపాలు వెలిగించి కనుపాపలు చిన్నవయ్యేలా చేయడం, ఒకటి రెండు మీటర్ల లోపే ఉండి ఫొటో తీయడం దీనికి విరుగుడు. ముఖాన్ని ఇంత చదునుగా చూపే వెలుతురు నాకు త్వరగానే విసుగు పుట్టించింది.

అయినా ఈ అడాప్టర్ నా సంచిలోంచి బయటికి పోలేదంటే కారణం ఫిల్ లైట్‌గా దాని పనితనమే. ఒక పక్క నుంచి కిటికీ వెలుతురో, స్టాండు మీది సాఫ్ట్‌బాక్సో మెయిన్ లైట్‌గా ఉన్నప్పుడు, రెండో పక్క నీడలను తేలిక చేయడానికి సాధారణంగా రిఫ్లెక్టరు పెడతాము. రిఫ్లెక్టరు కూడా ఒక పక్క నుంచే వస్తుంది కనుక, దానికి అందని మడతలు, కనుగుంటలు, టోపీ అంచు కిందిభాగం చీకటిగానే ఉండిపోతాయి. దాన్ని మరీ దగ్గరికి తెస్తే ముక్కుకు రెండో వైపు ఇంకో నీడ మొదలవుతుంది. లెన్స్ చుట్టూ నుంచి వచ్చే వెలుతురుకు ఈ ఇబ్బంది లేదు. లెన్స్‌కు కనిపించే ప్రతిచోటికీ అది చేరుతుంది. అది వేసే నీడ చాలావరకు ఆ వస్తువు వెనుకే దాగి లెన్స్‌కు కనబడదు. అందుచేత మెయిన్ లైట్ గీసిన నీడల ఆకారం చెదరకుండా వాటి గాఢత మాత్రం తగ్గుతుంది. మెయిన్ లైట్ కంటే రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది) తక్కువగా పెట్టినప్పుడు రింగ్ వాడినట్టే తెలియదు, అయినా నల్లని జుట్టులో పాయలు, ముదురు రంగు దుస్తుల్లో నేత స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్క స్టాప్ తేడా దగ్గర రింగ్ తన ఉనికిని చాటుకోవడం మొదలవుతుంది, రెండూ సమానమైతే మళ్లీ ఆ చదును ముఖమే. ముందు రింగ్ ఒక్కదానితోనే ఫొటో తీసి, నీడలు ఎంత లోతుగా ఉండాలో దానితో నిర్ణయించుకొని, ఆ తర్వాతే మెయిన్ లైట్ వెలిగించి సర్దుకోవడం నాకు కుదిరిన క్రమం. నిలువు ఫ్రేములోనూ దీనిది ఒక సుగుణం: హాట్ షూ ఫ్లాష్‌తో కెమెరాను నిలువుగా తిప్పితే నీడ పక్క గోడ మీదికి జారుతుంది, వలయానికి ఆ తేడా దాదాపు ఉండదు.

ఈ సౌఖ్యానికి చెల్లించే మూల్యం శక్తి. నిర్మాణాన్ని బట్టి ఒకటి నుంచి రెండు స్టాప్‌ల వరకు, కొన్నిటిలో అంతకు మించి కూడా కాంతి అడాప్టర్ లోపలే ఆగిపోతుంది. రెండు స్టాప్‌లంటే బయటికి వచ్చేది నాలుగో వంతు మాత్రమే, గైడ్ నంబరు (ఫ్లాష్ అందే దూరాన్ని ఎఫ్ సంఖ్యతో గుణిస్తే వచ్చే కొలత) సగానికి పడిపోతుంది. ఐఎస్ఓ (కాంతికి సెన్సరు స్పందించే స్థాయి) 100 దగ్గర 40 మీటర్ల గైడ్ నంబరున్న ఫ్లాష్ 20కి దిగిందనుకుందాము. మిట్టమధ్యాహ్నపు ఎండలో 1/200 సెకను, ఎఫ్/11 దగ్గర పూర్తి శక్తి వాడినా అది ఎండకు సమానంగా వెలిగించగలిగేది 1.8 మీటర్ల దూరం వరకే. ఎండ కంటే ఒక స్టాప్ తక్కువ ఫిల్ చాలనుకుంటే సుమారు 2.5 మీటర్లు. ఒక మనిషి ముఖానికి ఇది సరిపోతుంది, నలుగురు నిలబడిన గుంపుకు చాలదు. షట్టరును ఇంకా పెంచుదామని హై స్పీడ్ సింక్‌లోకి (చాలా వేగమైన షట్టరుతోనూ ఫ్లాష్ వెలిగే విధానంలోకి) వెళితే శక్తి మరింత తగ్గుతుంది. నీడలోనూ గదిలోనూ ఈ లెక్కలన్నీ అక్కర్లేదు, ఐఎస్ఓ కొంచెం పెంచితే చాలు. ఫ్లాష్ మాత్రం ఎప్పుడూ పై మెట్లలోనే పనిచేస్తుంటుంది కనుక ప్రతి ఫొటో తర్వాత ఛార్జింగుకు ఆగాలి, మూసుకుపోయిన తల వేడెక్కుతుంది. వరుసగా నొక్కుతూ పోయేవారు మధ్యలో అడాప్టర్ తీసి ఫ్లాష్‌కు గాలి తగలనివ్వాలి.

టీటీఎల్ (ఫ్లాష్ శక్తిని కెమెరాయే కొలిచి నిర్ణయించే విధానం) ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది, ఎందుకంటే కొలత లెన్స్ గుండా వచ్చిన ప్రీఫ్లాష్ (అసలు ఫ్లాష్‌కు ముందు వెలిగే చిన్న మెరుపు) మీదే జరుగుతుంది, అడాప్టర్ మింగిన కాంతి ఆ లెక్కలోకి వచ్చేస్తుంది. ఫ్లాష్ తెర మీద కనిపించే దూరాల పట్టికను మాత్రం నమ్మకూడదు. ఫ్లాష్ ముందుభాగంలోని సొంత సెన్సరుతో పనిచేసే పాత ఆటో విధానాన్ని కూడా పక్కన పెట్టాలి, ఎందుకంటే ఆ సెన్సరుకు అడాప్టర్ అడ్డు వస్తుంది. ఫోకస్‌కు సాయపడే ఎర్ర దీపం కూడా దాని వెనుకే దాక్కుంటుంది కాబట్టి, చీకటి గదిలో ఫోకస్ తడబడితే ఒక చిన్న టార్చి దగ్గర పెట్టుకోవాలి.

మాక్రో (చిన్న వస్తువులను అతి దగ్గరగా తీసే ఫొటోలు) కోసం దీన్ని కొనదలచినవారు ఒకసారి ఆలోచించాలి. లెన్స్ మూతికి తగిలించే చిన్న మాక్రో రింగ్ ఫ్లాష్‌లలో చాలావాటికి రెండు ట్యూబులుంటాయి, కుడిఎడమల నిష్పత్తిని మార్చి కొంత నీడను సృష్టించవచ్చు. అడాప్టర్‌కు ఆ వీలు లేదు. 100 మి.మీ. మాక్రో లెన్స్‌తో 1:1 దగ్గర (వస్తువు తన అసలు పరిమాణంలోనే సెన్సరు మీద పడేలా) పనిచేస్తున్నప్పుడు లెన్స్ ముందు మిగిలే చోటు జానెడు కూడా ఉండదు, ఆ చోట ఇంత పెద్ద వలయం ఆకులకూ కొమ్మలకూ తగులుతూ పురుగును బెదరగొడుతుంది. నాణేలు, నగలు, పెంకు పురుగులు వంటి నున్నని ఉపరితలాల మీద వలయం ప్రతిబింబం యథాతథంగా ముద్రపడుతుంది. మెరుపు లేని పువ్వులకు, ఎండిన గింజలకు ఫలితం బాగుంది.

వాడిన అడాప్టర్‌ను చవగ్గా కొనేవారు పగుళ్లతో పాటు డిఫ్యూజర్ రంగును కూడా చూడాలి. తెల్లని కాగితం పక్కన పెడితే పసుపు తిరిగిందీ లేనిదీ తెలిసిపోతుంది. కొంచెం తిరిగినా, రింగ్ ఒక్కటే వెలిగే ఫొటోలకు కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌తో సరిచేసుకోవచ్చు. మెయిన్ లైట్‌తో కలిపి వాడినప్పుడు మాత్రం నీడలకొక రంగు, వెలుగులకొక రంగు పడుతుంది, దాన్ని తర్వాత ఎడిటింగ్‌లో విడదీయడం కష్టం. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా నేను తీసుకోను.