110 వోల్టుల మిక్సీ, కర్రీ పాయింట్ గుత్తివంకాయ: రెండేళ్ళు వాడాక నా రివ్యూ

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వైపు రూముల్లో ఉండి ఉద్యోగం చేసినవాళ్ళకి కర్రీ పాయింట్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆఫీసు నుంచి వస్తూ ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు కవర్లలో కట్టించుకుని, రూముకి రాగానే కుక్కర్ పెట్టేసి, విజిల్స్ వచ్చేలోపు స్నానం కానిచ్చి కూర్చుంటే అదే రాత్రి భోజనం. నేను అలా నాలుగేళ్ళు తిన్నాను. మా సందు చివర బాబాయ్ వాళ్ళ పాయింట్‌లో గుత్తివంకాయ కూర వారానికి రెండు రోజులే ఉండేది, ఎనిమిదిన్నర దాటి వెళితే గిన్నె అడుగున నూనె తప్ప ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు అమెరికాలో, ఒమాహాలో ఉంటున్నాను. ఇక్కడ ఇండియన్ షాపులున్నాయి, రెస్టారెంట్లున్నాయి, ఆ కూర మాత్రం లేదు. మూడేళ్ళు ఇంట్లో ప్రయత్నించాను, కుదరలేదు. 110 వోల్టుల ఇండియన్ మిక్సీ కొన్నాక కుదిరింది. కాబట్టి ఇది మిక్సీ రివ్యూనే, కానీ కూర సంగతి చెప్పకుండా మిక్సీ సంగతి చెప్పడం నావల్ల కాదు.

మొదట్లో నా దగ్గర ఉన్నది ఇక్కడి మామూలు బ్లెండర్. పొడుగాటి జార్, అడుగున సన్నగా ఉంటుంది, బ్లేడు ఎత్తుగా ఉంటుంది. స్మూతీలకి, ఐసు కొట్టడానికి చాలా బాగా పనికొస్తుంది, దాన్ని తప్పు పట్టను. కానీ గుత్తివంకాయకి కావలసింది గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, కాస్త ఎండుకొబ్బరి. అంత తక్కువ సరుకు అందులో వేస్తే ఒక్కసారి ఎగిరి గోడలకి అంటుకుంటుంది, బ్లేడు ఖాళీగా తిరుగుతుంది. మూత తీసి, గరిటెతో కిందికి తోసి, మళ్ళీ తిప్పి, మళ్ళీ తోసి, చివరికి విసుగొచ్చి అరకప్పు నీళ్ళు పోస్తే అప్పుడు తిరుగుతుంది. అప్పటికి అది ముద్ద కాదు, పల్లీ పలుకులు తేలే నీళ్ళు. దాన్ని వంకాయల్లో కూరడానికి లేదు, మూకుట్లో వేస్తే వేగదు, ఉడుకుతుంది అంతే. నేను మూడేళ్ళూ కారం మారుస్తూ, చింతపండు మారుస్తూ కూర్చున్నాను, తేడా రుబ్బడంలో ఉందని తట్టలేదు.

ఇండియా నుంచి మిక్సీ తెచ్చుకోవచ్చు కదా అంటారు. అక్కడి కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. ప్లగ్గు మార్చే అడాప్టర్ పెడితే పిన్ను పడుతుందే తప్ప వోల్టేజీ మారదు, మోటారు నీరసంగా మూలుగుతూ తిరుగుతుంది. 750 వాట్ల మిక్సీ సరిగ్గా తిరగాలంటే వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కూడా మిక్సీ వాట్ల కంటే బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది, ఎందుకంటే స్విచ్ వేసిన క్షణంలో మోటారు చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. అంత ట్రాన్స్‌ఫార్మర్ అంటే చేత్తో ఎత్తి పక్కన పెట్టడమే కష్టం. మా స్నేహితుల ఇంట్లో ఒకటి ఉంది, వంటింటి గట్టు మీద సగం చోటు దానిదే. అందుకని ఇక్కడి కరెంటుకే తయారుచేసిన మిక్సీ కొన్నాను, 110 వోల్టుల మిక్సీ అని అమ్మేది ఇదే. 550 వాట్లు, మూడు స్టీలు జార్లు, మూడు స్పీడులు, నాబ్ వెనక్కి తిప్పి పట్టుకున్నంతసేపే తిరిగే పల్స్. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ రకం రెండు మూడు కంపెనీలవి దొరుకుతున్నాయి, నేను చెప్పేది చాలావరకు అన్నిటికీ వర్తిస్తుంది. నాకు వంద డాలర్లకి కాస్త అటూ ఇటూగా పడింది.

దీని విలువంతా చట్నీ జార్‌లో ఉంది. చిన్న జార్, వెడల్పు అడుగు, బ్లేడు దాదాపు అడుక్కి ఆనుకున్నట్టు ఉంటుంది, కాబట్టి నాలుగు చెంచాల పల్లీలు వేసినా దొరకబుచ్చుకుని నలుపుతుంది.

అయినా మొదటి రెండు సార్లూ ముద్ద బరకగానే వచ్చింది. నా పాత రూమ్మేట్ ఇప్పటికీ ఆ సందులోనే ఉంటున్నాడు, వాడు పాయింట్ దగ్గరికి వెళ్ళి వీడియో కాల్ చేశాడు. బాబాయ్ నన్ను గుర్తుపట్టారు. "ముద్ద బరకగా వస్తోంది బాబాయ్" అన్నాను. "నీళ్ళెప్పుడు పోస్తున్నావు నాన్నా?" అని అడిగారు. ముందే పోస్తున్నానని చెప్పాను. "అదే తప్పు. పొడిగా తిప్పు, పల్లీల్లోంచి నూనె దిగి జార్ అంచుకి పేరుకోవాలి. అప్పుడు చింతపండు గుజ్జు వెయ్యి, నీళ్ళు కాదు." అంతటితో అయిపోయిందనుకున్నాను, ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అన్నారు. "చేయగానే తినేయకు. మేం నాలుగింటికి దింపేవాళ్ళం, నువ్వొచ్చేది ఎనిమిదింటికి కదా?"

నాలుగేళ్ళు తిన్నాను, ఆ సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు తెలిసిన ఆ రుచి అప్పుడే దింపిన కూరది కాదు, గిన్నెలో మూడు నాలుగు గంటలు నాని, వేడి మీదే కవర్లో కట్టి, రూముకి చేరేదాకా ఊరిన కూరది. పులుపు వంకాయ లోపలికి దిగడానికి, నూనె పైకి తేలడానికి ఆ టైమ్ కావాలి.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ఇండియన్ షాపులో దొరికే చిన్న గుండ్రటి వంకాయలు పది, ఒక పౌను కొంచెం పైన తూగుతాయి. తొడిమ దగ్గర విడిపోకుండా నాలుగు పక్షాలుగా కోసి, ఉప్పునీళ్ళలో వేస్తాను. పచ్చి పల్లీలు నాలుగు చెంచాలు, అంటే భోజనం చెంచాలు, సన్న సెగ మీద విడిగా వేయించాలి. ఉప్పు వేసి డబ్బాల్లో అమ్మే పల్లీలు వద్దు. నువ్వులు రెండు చెంచాలు, ధనియాలు ఒకటి, జీలకర్ర అర, మెంతులు పది పదిహేను గింజలు. ఎండుకొబ్బరి రెండు చెంచాలు, ఇక్కడొక జాగ్రత్త: మామూలు అమెరికన్ షాపులో బేకింగ్ సామాన్ల దగ్గర ఉండే కొబ్బరి కోరులో చాలావాటికి పంచదార కలిపి ఉంటుంది, చూసుకోకుండా తెస్తే కూర పాయసం వైపు వెళ్ళిపోతుంది. చింతపండు గట్టి అచ్చులా ప్యాక్ చేసినది తీసుకుని నానబెట్టండి. సీసాలో వచ్చే నల్లటి గుజ్జు వేస్తే కూర రంగు మొత్తం మారిపోతుంది. కరివేపాకు ఇండియా నుంచి పచ్చిది తేనివ్వరు, నిమ్మ, నారింజ చెట్లకి తెగులు వస్తుందని, కాబట్టి ఇక్కడ షాపులో దొరికినప్పుడు ఎక్కువ కొని ఫ్రీజర్లో పెట్టుకోవడమే. కారం మాత్రం అమ్మ పంపే గుంటూరుది.

వేయించినవి పూర్తిగా చల్లారాక చట్నీ జార్లో వేసి పల్స్ ఐదారు సార్లు, తర్వాత రెండో స్పీడులో అరనిమిషం. మూత తీసి చూస్తే పొడి అడుగున జార్ అంచు చుట్టూ తడిగా, ముదురు రంగులో ఒక గీతలా కనిపిస్తుంది. బాబాయ్ చెప్పిన నూనె అదే. అప్పుడు కారం, ఉప్పు, వేయించిన ఉల్లిపాయ, చింతపండు గుజ్జు వేసి ఇంకో అరనిమిషం తిప్పితే వేలికి అంటుకుని జారకుండా నిలబడే ముద్ద వస్తుంది. సగం వంకాయల్లోకి, సగం మూకుట్లోకి. నూనె మీరు మామూలుగా ఇంట్లో పోసేదానికి రెట్టింపు పోయాలి, తగ్గిస్తే ఈ రుచి రాదు, నేను తగ్గించి కూడా చూశాను. వంకాయలు మగ్గాక సగం ముద్ద వేసి నూనె విడిచేదాకా వేయించి, కప్పు నీళ్ళు పోసి, సన్న సెగ మీద ఇరవై నిమిషాలు. దింపి, వేడి మీదే స్టీలు డబ్బాలో పోసి గట్టిగా మూతపెట్టి రెండు గంటలు ముట్టుకోకూడదు. ఆ మూత తీసినప్పుడు వచ్చిన వాసనకి నాకు మొదటిసారి ఒమాహాలో ఆ సందు గుర్తొచ్చింది. అందుకే ఇంత రాస్తున్నాను.

ఇదే ముద్ద రెట్టింపు చేసి సగం ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజుల్లో అరటికాయకో లావు మిరపకాయలకో పనికొస్తుంది. కొబ్బరి పచ్చడి, కందిపొడి, అల్లం వెల్లుల్లి, అన్నీ ఇబ్బంది లేకుండా అవుతాయి.

ఇక లోపాలు. ఒకటి, దోసెల పిండి. మినప్పప్పు రెండు కప్పులు పెద్ద జార్లో వేసి ఆపకుండా తిప్పితే మోటారు వేడెక్కి ఆగిపోయింది, కాలిన వాసన కూడా వచ్చింది, నాకు బాగా టెన్షన్ వేసింది. అడుగున ఒక ఎర్ర బటన్ ఉంటుంది, పావుగంట చల్లారనిచ్చి దాన్ని నొక్కితే మళ్ళీ తిరిగింది. అప్పట్నుంచి ఒక్కో కప్పు చొప్పున, చల్లటి నీళ్ళతో రుబ్బుతున్నాను. రోజూ టిఫిన్‌కి పిండి కావాలనుకునేవాళ్ళు గ్రైండర్ కొనుక్కోవడమే మంచిది. రెండు, శబ్దం. చెక్కతో కట్టిన అపార్ట్‌మెంట్లలో కింది వాళ్ళకి వినపడుతుంది, రాత్రి తొమ్మిది తర్వాత నేను వాడను. శబ్దం తగ్గుతుందని కింద తువ్వాలు మడిచి పెట్టకండి, గాలి వెళ్ళే కన్నాలు అడుగునే ఉంటాయి, అవి మూసుకుపోతే ఇంకా తొందరగా వేడెక్కుతుంది. సన్నటి రబ్బరు మ్యాట్ చాలు. మూడు, మూత రబ్బరు ఏడాదికే సాగిపోయింది, చింతపండు నీళ్ళు అంచుల్లోంచి కారడం మొదలుపెట్టాయి. జార్ కింద మోటారుకి తగిలే కప్లర్ కూడా అరిగింది. అది మోటారు పాడవకుండా ముందు తాను అరిగేలా పెట్టిన భాగమే, కాబట్టి అరగడం తప్పు కాదు, కానీ ఇక్కడ స్పేర్లు దొరకడం కష్టంగా ఉంది, కస్టమర్ కేర్‌కి రాసిన రెండు మెయిళ్ళకీ జవాబు రాలేదు.

బ్లెండర్‌తో సరిపెట్టుకుంటూ ప్రతిసారీ కూరలో ఏదో తక్కువైందని బాధపడేవాళ్ళు తప్పకుండా కొనండి. నేను ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ తగ్గించిన ఒకటీ స్పేర్ల కోసమే. వచ్చే నెల అమ్మ వస్తోంది. జార్ అడుగు భాగం, కప్లర్ కొలతతో సహా ఫోటో తీసి పంపాను, మిక్సీ రిపేర్ షాపులో చూపించి కప్లర్లు రెండు, మూత రబ్బర్లు మూడు తెమ్మన్నాను.