కిటికీలో టవర్ ఉన్న ఇల్లా, సిగ్నల్ అందని ఇల్లా: ఏది మేలు?

ఒకే సైజు ఇళ్లు రెండున్నాయి. ఒకదాంట్లో పడకగది కిటికీ తెరిస్తే ఎదురుగా సెల్ టవర్. రెండోదాంట్లో ఫోన్ మాట్లాడాలంటే డాబా ఎక్కాలి, ఓటీపీ కోసం వాకిట్లోకి రావాలి. టవర్ ఉన్న ఇల్లు కాస్త తక్కువకి వస్తోంది. ఏది కొనాలి?

ఇలాంటప్పుడు చాలామందికి మొదట వచ్చే టెన్షన్ రేడియేషన్ గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు’ అనే 2బి జాబితాలో పెట్టిన మాట నిజమే. కానీ అందుకు ముఖ్యంగా ఆధారమైనవి చెవికి ఆనించుకునే ఫోన్ల మీద జరిగిన అధ్యయనాలు. టవర్ల విషయంలో ఆధారాలు చాలవనే ఆ విభాగం చెప్పింది. పైగా సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ తన శక్తిని పెంచుకుని తరంగాలు పంపుతుంది, అదీ మన తల పక్కనే. అందుకే ఒక్క ఆరోగ్యం కోసమే సిగ్నల్ లేని ఇంటికి మొగ్గు చూపడం నాకు సబబుగా అనిపించదు.

ధర సంగతి వేరు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో టవర్ వచ్చాక దగ్గరి ఇళ్ల ధర సుమారు 21 శాతం తగ్గిందని 2005లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అమెరికాలోని ఫ్లోరిడాలో చూస్తే తగ్గింది 2 శాతం పైచిలుకే. అలబామాలో చేసి 2018లో ప్రచురించిన మరో అధ్యయనంలో 0.72 కిలోమీటర్ల లోపు ఇళ్లకు సగటున 2.46 శాతం పోయింది, టవర్ కంటికి కనిపించే ఇళ్లకైతే 9.78 శాతం దాకా. ఈ చివరి తేడా గమనించండి. దూరంతో పాటు కంటికి కనబడటం కూడా బేరాన్ని దించుతోంది.

నేను ఒకసారి అలాంటి ఇల్లు పగలు చూసి బాగానే ఉందనుకున్నాను. రాత్రి మళ్లీ వెళ్తే టవర్ మీది ఎర్ర దీపం వెలుగు పడకగది గోడ మీద పడుతోంది. ఇంతలో కరెంటు పోయింది, టవర్ కింద జనరేటర్ మొదలైంది. కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే సన్నగా వణుకు తెలిసింది. నన్ను వెనక్కి లాగింది ఆ మోతే.

అయినా ఈ రెండిట్లోనే ఎంచుకోవాల్సి వస్తే, ఉండటానికైతే నేను టవర్ ఉన్న ఇంటివైపే మొగ్గుతాను. ఎందుకంటే టవర్ వల్ల వచ్చే నష్టాన్ని అమ్మేవాళ్లు ఇప్పటికే ధరలో భరిస్తున్నారు. సిగ్నల్ లేని ఇంటికి మనం పూర్తి ధర ఇస్తాం. కానీ సిగ్నల్ సరిగా అందని చోటే కొత్త టవర్‌కి స్థలం వెతుకుతారు. రేపు ఎదుటి ఖాళీ జాగాలో ఒకటి లేస్తే ఆ నష్టం మన నెత్తిన పడుతుంది. తక్కువ ధర అన్నది మాటల్లో కాకుండా చేతికి రావాలి సుమా. చుట్టుపక్కల టవర్ కనబడని ఇళ్లు ఎంతకి అమ్ముడయ్యాయో కనుక్కోకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. రెండు మూడేళ్లలో మళ్లీ అమ్మేద్దామనుకునేవాళ్లకి మాత్రం ఇది వద్దంటాను. కొనడానికి వచ్చేవాళ్లే తక్కువ, ఉన్నవాళ్లు గట్టిగా బేరమాడతారు.

అన్నిటికన్నా మేలైనది మూడో రకం ఇల్లు. టవర్ నాలుగు వీధుల అవతల ఉంటుంది, మధ్యలో చెట్లో మేడలో అడ్డుంటాయి, సిగ్నల్ మాత్రం నిండుగా వస్తుంది. కాస్త ఎక్కువైనా దానికే నా ఓటు.

సొంత డాబా మీద టవర్ పెట్టించుకుంటే అద్దె వస్తుంది కదా అంటారా? ఒప్పందం ఏళ్ల తరబడి ఉంటుంది, ఇల్లు అమ్మితే కొన్నవాళ్లకి కూడా చుట్టుకోవచ్చు. అలాంటి ఇల్లు కొంటుంటే ముందు ఆ ఒప్పందం కాగితాలు చేతికి తీసుకుని, గడువు ఎప్పటిదాకా ఉందో, మధ్యలో రద్దు చేసుకునే హక్కు ఎవరికి ఉందో చదవండి.