పారిస్‌లో రెండు మ్యూజియాలు, ఒక బుల్లెట్ విమానం

పాత విమానాల మీద మోజుంటే పారిస్‌లో రెండు మ్యూజియాలు చూడాలి, అదీ వరసలో. ముందు ఊరి నడిబొడ్డున ఉన్న ఆర్ట్ ఎ మెతియే, ఆ తర్వాతే ఊరి బయట పాత విమానాశ్రయంలోని లె బూర్జే. సోమవారం రెండూ మూసేస్తారు.

ఆర్ట్ ఎ మెతియేకి మెట్రో దిగితే చాలు, స్టేషన్ పేరూ అదే. 11వ లైను ప్లాట్‌ఫాం గోడలన్నీ రాగి రేకులే. మ్యూజియంలోని పాత చర్చిలో, 1909 జులై 25న ఇంగ్లిష్ ఛానల్ దాటిన బ్లెరియో విమానమే వేలాడుతూ ఉంటుంది. 25 హార్స్‌పవర్ ఇంజిన్, తోక వైపు బట్ట కూడా లేని కర్రల చట్రం, దాన్నిండా బిగించిన తీగలు. నులక మంచానికి రెక్కలు తగిలించినట్టే ఉంది!

ఇది కళ్లలో ఉండగానే లె బూర్జే వెళ్లాలి. ఆర్‌ఈఆర్ బి అనే లోకల్ రైల్లో లె బూర్జే స్టేషన్‌కి, అక్కణ్నుంచి 152 బస్సు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ధ్వనికన్నా వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానం కోసమే వస్తారు. నా ఓటు మాత్రం పాత టెర్మినల్ గ్యాలరీలోని 1913 నాటి దెపెర్దుసాఁ మోనోకాక్ అనే రేసు విమానానికే.

ఒక్కడే కూర్చునే ఈ విమానాన్ని పక్కనుంచి చూస్తే ఎక్కడా ఎముక కనబడదు. డిజైనర్ లూయీ బెషెరో దీని ఒంటిని చట్రంగా కట్టలేదు. పల్చటి చెక్క పొరలు మూడు అచ్చు మీద జిగురుతో అతికించి, పైన బట్ట అంటించాడు. గోడ మందం దాదాపు 4 మిల్లీమీటర్లే, బరువంతా మోసేది ఆ గుల్లే. ముక్కుకు పెద్ద గుండ్రటి టోపీ. దాని చుట్టూ వదిలిన సందులోంచే ఇంజిన్‌కి చల్లగాలి అందాలి. ఆ 14 సిలిండర్ల, 160 హార్స్‌పవర్ నోమ్ ఇంజిన్ ప్రొపెల్లర్‌తో పాటు మొత్తంగా గిర్రున తిరిగేది. అందులో ఇంజిన్ ఆయిల్‌గా పోసింది మన ఆముదమే. తిరుగుడుకి అది బయటికి చిమ్మేది, పైలట్ పరిస్థితి మీరే ఊహించుకోండి. విమానాన్ని పక్కకి వంచడానికి రెక్కల అంచున ఉండే కదిలే పలకలు (ఐలరాన్లు) లేవు, తీగలు లాగి రెక్కనే మెలిపెట్టేవారు.

1913 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోనే ఉన్న రేమ్స్‌లో జరిగిన గోర్డన్ బెనెట్ విమాన పందెంలో ఈ విమానంతో పైలట్ మోరీస్ ప్రెవో 200 కిలోమీటర్లు గంటలోపే పూర్తిచేశాడు. రికార్డు వేగం గంటకు 203.85 కిలోమీటర్లు. దానికోసం రెక్కలు కురచ చేశారు కాబట్టి దిగేటప్పుడు ప్రాణం మీదికొచ్చే బండే అయుండాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో మొనాకోలో, నీళ్ల మీద దిగే తేలుడు పడవలు తగిలించిన దెపెర్దుసాఁతో నీటి విమానాల పందెం ష్నైడర్ ట్రోఫీని మొదటిసారే ఇతనే గెలిచాడు. సగటు వేగం గంటకు 73 కిలోమీటర్ల చిల్లర! ముగింపు గీతను ఎగురుతూ కాకుండా నీళ్ల మీద పరిగెత్తిస్తూ దాటడంతో మళ్లీ లేచి ఎగరాల్సొచ్చిందట.

ఇక కంపెనీ యజమాని, పట్టు వ్యాపారి ఆర్మాఁ దెపెర్దుసాఁ, రేమ్స్ గెలుపు నాటికే మోసం కేసులో అరెస్టయ్యాడు. ఆ కంపెనీని తర్వాత చేతికి తీసుకున్నది ఎవరనుకున్నారు? పొద్దున చూసిన నులకమంచం బ్లెరియో! మొదటి ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన స్పాడ్ ఫైటర్లు అక్కణ్నుంచి వచ్చినవే.

బస విషయానికొస్తే, లె బూర్జే దగ్గర ఉండకండి. సాయంత్రమైతే తిండికి వెతుక్కోవాలి. బేసి సంవత్సరాల్లో జూన్‌లో ఎయిర్ షో ఉంటుంది, అప్పుడు అద్దెలు ఆకాశాన్నంటుతాయి. పారిస్‌లోని గార్ దు నోర్ స్టేషన్ చుట్టుపక్కలే నయం, ఆ ఆర్‌ఈఆర్ బి రైలే ఎయిర్‌పోర్టుకీ వెళ్తుంది. నేను దిగిన హోటల్లో సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటు లేదు, రాత్రంతా వీధి గోల. అయినా లా షాపెల్ వైపు నాలుగడుగులేస్తే శ్రీలంక తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోశ దొరుకుతాయి. ఆ ఒక్క కారణానికి గది సంగతి క్షమించేశాను.

రికార్డు కొట్టిన మైదానం చూద్దామని రేమ్స్ వెళ్లక్కర్లేదు. కెథడ్రల్ కోసమైతే వెళ్లండి, గార్ ద లెస్ట్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగవంతమైన రైల్లో ముప్పావు గంట.