మొక్కల ఫిల్టర్ అని చెప్పి సాఫ్ట్‌నర్ అంటగట్టారు, ఒంగోలు వాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఆ షాపు నుంచి ఇంటికొచ్చా, చేతులు ఇంకా వణుకుతున్నాయి. మా బోరు నీళ్ల సంగతి ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు, బకెట్ అడుగున తెల్లగా గడ్డకడుతుంది. ఇంట్లో ఇరవై కుండీలున్నాయి, ఆకుల కొసలు మాడుతుంటే మొక్కలకి పనికొచ్చే ఫిల్టర్ తక్కువలో ఏదైనా చూపించమని అప్పట్లో ఆ షాపులో అడిగా. ఆర్వో దండగ మేడం అని షాపతను ట్యాప్‌కి బిగించే డబ్బా తీశాడు, అందులోంచి వచ్చిన నీళ్లలో సబ్బు ముక్క వేసి ఊపితే గ్లాసు నిండా నురగ. “చూశారా, ఉప్పంతా పోయింది” అన్నాడు. 6,800 కట్టేశా. వారానికోసారి కల్లుప్పు నీళ్లతో కడగాలి అన్నప్పుడైనా, ఉప్పు తీసే మెషిన్‌కి ఉప్పెందుకని అడగాల్సింది, అడగలేదు, తప్పు నాదే.

రెండు నెలలకి కుండీ అంచుల్లో తెల్లటి పొర. మా అమ్మ ఇచ్చిన పిలకతో పెంచిన స్పైడర్ ప్లాంట్ ఆకు ముట్టుకుంటే ఎండు తాటాకులా విరిగింది. పక్కింటి వాళ్ల టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపించేది) తెచ్చి చూస్తే బోరు నీళ్లు 1,180, ఫిల్టర్ నీళ్లు 1,190!

మీటర్ తీసుకుని షాపుకెళ్లా. అతను కనీసం తడబడలేదండీ. “సాఫ్ట్‌నర్‌తో టీడీఎస్ ఎక్కడ తగ్గుతుంది మేడం, అందరికీ తెలిసిందేగా” అన్నాడు. మరి ఆ రోజు ఉప్పంతా పోయిందన్నారుగా అంటే, “మొక్కలకి ఇంత గోలేంటి, చస్తే యాభై పెట్టి ఇంకోటి కొనుక్కోండి” అని, నేను అక్కడ నిలబడి ఉండగానే వెనక ఉన్నాయనకి గ్లాసు, సబ్బు ముక్క తీశాడు. ఆ పెద్దాయనకి అక్కడే మీటర్ చూపించి చెప్పేశా. డబ్బులు మాత్రం తిరిగివ్వలేదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా.

సాఫ్ట్‌నర్ చేసేదల్లా కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ చోట సోడియం పెట్టడం. సబ్బు నురగ అందుకే వస్తుంది, బట్టలకి మంచిదే, వేర్లకి మాత్రం మామూలు బోరు నీళ్ల కన్నా చెడ్డది. ఫ్లోరైడ్ కూడా పోదు. కనిగిరి వైపు వాళ్లు ఇది ముఖ్యంగా చూసుకోండి, స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఫ్లోరైడ్‌ని అసలు తట్టుకోలేవు. మామూలు కార్బన్ ఫిల్టర్ క్లోరిన్ వాసన తీస్తుందేమో గానీ కరిగిన ఉప్పుని తీయలేదు. ఉప్పు తగ్గించేది ఆర్వోనే, దాని వేస్ట్ పైపు నీళ్లు మాత్రం కుండీలకి పోయకండి.

మీటర్ రెండు మూడొందలకి దొరుకుతుంది, డబ్బు కట్టే ముందే షాపులో ముంచి చూడండి. కొద్ది కుండీలకైతే అసలు మెషినే అక్కర్లేదు, శుభ్రమైన బకెట్లో పట్టిన ఏసీ నీళ్లు, అక్టోబర్ నుంచి వాన నీళ్లు, చాలకపోతే వాటర్ ప్లాంట్ క్యాన్. నేను ఇవాళ క్యాన్ తెప్పించి, అడుగు చిల్లులోంచి ధారగా కారేదాకా ఒక్కో కుండీ కడుగుతున్నా. స్పైడర్ ప్లాంట్ మధ్యలో ఒక చిగురు ఇంకా పచ్చగానే ఉంది.