గ్లాక్, బెరెట్టా, సిగ్, సీజెడ్: వీటిలో ఏది ఆగకుండా పేలుతుంది?

పిస్టల్ రివ్యూ అంటే చాలామంది గురి ఎంత బాగా కుదిరిందో చెప్పి ఆపేస్తారు. నేను చూసేది వేరు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలాలి, నొక్కనప్పుడు ఏం జరిగినా పేలకూడదు. ఈ రెండూ కుదిరాకే గురైనా, అందమైనా. కొన్నేళ్లుగా షూటింగ్ రేంజ్‌లో చేతికి దొరికిన ప్రతి సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌నీ (పేలాక తర్వాతి తూటా తానే ఎక్కించుకునేది) కాల్చి చూస్తున్నాను, ఏది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. దాదాపు అన్నీ 9 ఎంఎం పిస్టళ్లే.

ముందు గ్లాక్ 17. చూడటానికి ఏమీ ఉండదు, నల్లటి ఇటుకలా ఉంటుంది. తుపాకుల తయారీలో ఏ అనుభవమూ లేని గాస్టన్ గ్లాక్ చేసిన ఈ పిస్టల్‌ని ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకుంది. అంతకుముందు ఆయన కంపెనీ కర్టెన్ రాడ్లు, సైన్యానికి కత్తులు చేసేది. పాత పద్ధతులేవీ మోయకపోవడం వల్లే కాబోలు, లోపల విడిభాగాలు చాలా తక్కువ, అరిగిపోయేవీ తక్కువే. రోజంతా కాల్చి, శుభ్రం చేయకుండా మర్నాడు మళ్లీ కాల్చినా నా దగ్గర అది మొరాయించలేదు. నోట్‌బుక్‌లో గ్లాక్ పేజీ దాదాపు ఖాళీగా ఉంది, దానికి నేనివ్వగల మార్కులు అవే.

అలాగని అన్నీ బాగున్నాయని కాదు. కంపెనీ నుంచి వచ్చే, గురి చూసే ప్లాస్టిక్ సైట్లు నాకు నచ్చవు, ట్రిగ్గర్ మెత్తగా, ఎక్కడ తెగి పేలుతుందో తెలియనట్టు ఉంటుంది. అసలు ఇబ్బంది విప్పేటప్పుడు వస్తుంది. స్లైడ్ (పేలినప్పుడు వెనక్కి కదిలే పైభాగం) ఊడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) తీసేశాం కదా అని ఛాంబర్ (పేలబోయే తూటా కూర్చునే చోటు) చూడకుండా నొక్కితే లోపల మిగిలిన తూటా పేలుతుంది. మ్యాగజైన్ తీయాలి, స్లైడ్ లాగాలి, కంటితో చూడాలి, వేలు పెట్టి కూడా చూడాలి. కొత్తగా వచ్చినవాళ్లు విసుక్కున్నా సరే, దీన్ని పదిసార్లు చేయిస్తాను. ఇంకో సంగతి, నాలుగో తరం గ్లాక్‌లు వచ్చిన కొత్తలో రీకాయిల్ స్ప్రింగ్ (వెనక్కి పోయిన స్లైడ్‌ని ముందుకి తోసేది) తేడా చేస్తే 2011లో కంపెనీయే ఉచితంగా మార్చి ఇచ్చింది. తప్పులు అందరూ చేస్తారు, దొరికాక ఏం చేశారన్నది చూడాలి.

బెరెట్టా 92 పట్టుకుంటే చేతికి ఒక బరువు, ఒక హుందాతనం తెలుస్తాయి. ఖాళీగానే కిలోకి కాస్త తక్కువ తూగుతుంది కాబట్టి వెనక్కి తన్నడం తక్కువ. స్లైడ్ పైభాగం తెరిచి ఉంటుంది, అందువల్ల ఖాళీ కేస్ (పేలిన తూటా తొడుగు) ఇరుక్కోవడానికి పెద్దగా చోటే లేదు, నా దగ్గర ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. 1985లో అమెరికా సైన్యం దీన్ని ఎం9 పేరుతో తీసుకుంది. ఆ తర్వాత కొన్ని స్లైడ్లు విరిగి కాల్చేవాళ్ల ముఖం మీదికి ఎగిరాయి. దాంతో కంపెనీ హ్యామర్‌ని (తూటాని పేల్చే సుత్తిలాంటి భాగం) పట్టి ఉంచే పిన్ తలని పెద్దది చేసింది, స్లైడ్ విరిగినా వెనక్కి రాకుండా అది ఆపుతుంది. ఇప్పుడు మనం చూసే 92ఎఫ్ఎస్ ఆ మార్పుతో వచ్చినదే. ఎక్కువ కాల్చిన బెరెట్టాలో ముందు చూడాల్సింది లాకింగ్ బ్లాక్ (పేలేటప్పుడు బ్యారెల్‌ని స్లైడ్‌తో కలిపి పట్టే ముక్క), అది అరుగుతుంది, పగులుతుంది కూడా. సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) స్లైడ్ మీదే ఉండటం మాత్రం నాకు అస్సలు నచ్చదు, స్లైడ్ గట్టిగా లాగినప్పుడు చెయ్యి తగిలి సేఫ్టీ ఆన్ అయిపోతుంది, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కితే ఏమీ జరగదు. పోటీలో ఒకసారి అలా అయి చాలా టెన్షన్ పడ్డాను.

సిగ్ సావర్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే పేరు ఒకటే అయినా పిస్టళ్లు రెండు. పీ226 నేను కాల్చినవాటిలో పనితనం అన్నిటికంటే బాగా కనిపించింది. ఎం9 కోసం సైన్యం పెట్టిన పోటీ చివరిదాకా బెరెట్టాతో సమానంగా నిలిచి ధర దగ్గర ఓడిపోయింది, అయినా అమెరికా నేవీ కమాండోలైన సీల్స్ దీన్నే ఎంచుకున్నారు. స్లైడ్ వెనక్కి లాగితే గాజు మీద జారినట్టుంటుంది. పీ320 మీద నాకు అంత నమ్మకం కుదరలేదు. 2017 జనవరిలో ఇది అమెరికా సైన్యానికి పిస్టళ్లు ఇచ్చే కాంట్రాక్ట్ గెలిచింది. ఆగస్టుకల్లా, ఒక కోణంలో కిందపడితే దానంతటదే పేలుతోందని బయటపడి, అప్పటికే అమ్మినవాటి ట్రిగ్గర్ భాగాలు మార్చి ఇస్తామని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలిందని కోర్టు కేసులు వచ్చాయి, పిస్టల్‌లో లోపం లేదని కంపెనీ వాదిస్తోంది. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. నేను కాల్చినంతలో అది జామ్ కూడా కాలేదు, గురి కూడా బాగుంది. కానీ నడుముకి పెట్టుకుని నడవమంటే పెట్టుకోను.

సీజెడ్ 75 అంటే నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. 1975లో చెకోస్లొవేకియాలో తయారైంది. మిగతావాటిలో స్లైడ్ ఫ్రేమ్‌ని (పిడి ఉండే కింది భాగం) బయటినుంచి పట్టుకుని కదిలితే ఇందులో ఫ్రేమ్ లోపలే కదులుతుంది, అందుకే బ్యారెల్ చేతికి దగ్గరగా ఉండి, పేలాక మూతి పైకి లేవడం తక్కువ. పిడి ఎవరి చేతికైనా అచ్చు పోసినట్టు అమరుతుంది. ఇదే నిర్మాణం వల్ల స్లైడ్ పట్టుకోవడానికి పైన చోటు తక్కువ, చెమట చేతులతో లాగడం కష్టం. స్లైడ్ స్టాప్ పిన్ విరుగుతుంది, ఒకటి అదనంగా బ్యాగులో పెట్టుకుంటే చాలు.

1911 అనే పాత పిస్టల్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. జాన్ బ్రౌనింగ్ డిజైన్ 1911లో జరిగిన పరీక్షలో 6,000 రౌండ్లు ఒక్కసారి కూడా ఆగకుండా కాల్చింది. ఇప్పుడు దాన్ని ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి, ఒకరి పిస్టల్ చూసి ఇంకొకరి దాని గురించి ఏమీ చెప్పలేం. గుండ్రటి మూతి తూటాల కోసం చేసిన పిస్టల్ ఇది, పాత ఫ్రేముల్లో హాలో పాయింట్లు (ముక్కులో గుంట ఉన్న తూటాలు) వేస్తే దారిలోనే తట్టుకుంటాయి. గురి కోసం బిగువుగా చేసినవి నూనె తగ్గినా అలుగుతాయి.

ఇక అసలు సంగతి. ఏ కంపెనీదైనా, నా నోట్‌బుక్‌లో రాసుకున్న జామ్‌లలో సగానికి పైగా పిస్టల్ తప్పు కాదు, మ్యాగజైన్ తప్పు. కొత్తగా తీసుకున్న ఒక చిన్న పిస్టల్, పేరు చెప్పను, మూడో నాలుగో తూటా దగ్గర పదేపదే ఆగేది. కంపెనీకి పంపాను, ఏమీ లేదని తిప్పి పంపారు. చివరికి మ్యాగజైన్లకి పెయింట్‌తో నంబర్లు వేసి చూస్తే ఆగేదంతా రెండో నంబర్‌లోనే. దాని పైఅంచు ఒకవైపు సన్నగా వంగి ఉంది, తూటా ముక్కు పక్కకి తిరిగి వస్తోంది. దాన్ని పారేశాక ఆ పిస్టల్ మళ్లీ ఆగలేదు. నెలల తరబడి పిస్టల్‌ని తిట్టుకున్నాను. మీ పిస్టల్ ఆగుతుంటే అమ్మేయకముందు మ్యాగజైన్లకి నంబర్లు వేయండి, తర్వాత రీకాయిల్ స్ప్రింగ్ మార్చి చూడండి, మీ పట్టు కూడా చూసుకోండి. తేలికైన ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్లని మణికట్టు వదులుగా పట్టుకుంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక కేస్ ఇరుక్కుంటుంది.

హెక్లర్ అండ్ కోచ్ యూఎస్‌పీ మీద ఫిర్యాదు లేదు, పిడి మాత్రం నా చేతికి లావు. మొదటి పిస్టల్ ఏది తీసుకోవాలని అడిగేవాళ్లకి గ్లాక్ 17 చెప్తాను, కాల్చడంలో ఆనందం కోసమైతే సీజెడ్. వాల్థర్ పీడీపీతో ఇప్పటికి రెండు మ్యాగజైన్లే కాల్చాను. ట్రిగ్గర్ గ్లాక్ కంటే చాలా స్పష్టంగా తెగుతోంది, వెనక్కి తన్నడం మాత్రం కాస్త ఎక్కువనిపించింది. దాని పేజీ ఇప్పుడే తెరిచాను.